కాన్సరు వైద్యంలో పై పరీక్ష: తయారయ్యే విధానం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ పద్యాలూ వినవలసిన పండుగపూట కాన్సరు మాట ఎత్తటమేమిటని కొందరికి తోచవచ్చు. కాని చెన్నపట్నంలో స్థిరపడిన మన కుటుంబాలలో వైద్యం చదివే పిల్లలున్నారు. వారిలో కొందరు ఎం.డి. ముగించి, కాన్సరు వైద్యంలో పై పట్టాకు పరీక్షలు వ్రాయబోతున్నారు. "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ చదువు?" అని పెద్దలు అడుగుతారు. "ఇంత లావు పుస్తకాలు ఎక్కడనుండి మొదలుపెట్టమంటారు?" అని పిల్లలు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ తెలిసినంతలో జవాబు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఆ ప్రకారమే నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయాన్ని మొదటనే చెప్పివేస్తాము. ఎన్ని మందుల పేర్లు కంఠతా వచ్చునో తెలుసుకోవటం ఈ పరీక్ష ఉద్దేశం కాదు. ఎదుట ఉన్న మనిషికి ఏ మందు ఇవ్వవలె, ఎంత ఇవ్వవలె, ఎప్పుడు ఆపవలె అనే నిర్ణయం చేయగల శక్తి ఉన్నదా అని చూస్తారు. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో చాలా భాగం రోగి నోటి నుండే వస్తుంది. కనుక రోగి మాట్లాడే భాష తెలియటం కూడా ఈ చదువులో భాగమే.

ముందుగా పెద్దల ప్రశ్న. ఎం.బి.బి.ఎస్.కు హౌస్ సర్జనుగా పనిచేసే కాలంతో కలిపి అయిదున్నర ఏళ్ళు. ఆపైన ఎం.డి. మూడేళ్ళు. అటుపిమ్మట మందులతో కాన్సరును నయంచేసే శాఖలో డి.ఎం. మరి మూడేళ్ళు. మొత్తం పదకొండున్నర ఏళ్ళు. పద్దెనిమిదవ యేట కాలేజీలో చేరిన పిల్ల, ఒక్క ఏడూ పోగొట్టుకోకపోయినా, బయటికి వచ్చేసరికి ముప్పైకి దగ్గరపడుతుంది. శస్త్రచికిత్స మార్గం పట్టినవారు ఎం.ఎస్. చదివి, ఆపైన ఎం.సి.హెచ్. చదువుతారు. కిరణాలతో చేసే చికిత్సకు ఎం.బి.బి.ఎస్. తరువాత నేరుగా మూడేళ్ళ ఎం.డి. ఉన్నది. ఈ మెట్ల మధ్య ప్రవేశపరీక్షలున్నవి. డి.ఎం., ఎం.సి.హెచ్. సీట్లకు దేశమంతటికీ కలిపి 2017 నుండి నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష జరుగుతున్నది. చేరిన తరువాత మూడేళ్ళు గడిచాక వ్రాతపరీక్ష, రోగుల దగ్గర పరీక్ష, ముఖాముఖి ప్రశ్నలు మళ్ళీ ఉంటవి.

2021లో ఈ ప్రవేశపరీక్ష పద్ధతిని పరీక్షకు కొద్ది నెలల ముందు మార్చబోగా విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు గట్టిగా మందలించిన మీదట ప్రభుత్వం కొత్త పద్ధతిని 2022కు వాయిదా వేసినది. ఎంత తెలివైన పిల్లలైనా తమ చేతిలో లేని ఇటువంటి కుదుపులకు గురి అవుతారని ఇంటివారు గ్రహించవలె. ఒక ఏడు ఆలస్యమైతే దానికి కారణం ప్రతిసారీ పిల్లల సోమరితనమే అనుకోరాదు.

ఈ చదువుకూ మనమున్న ఊరికీ సంబంధం ఉన్నది. తన చెల్లెలు కాన్సరుతో మరణించిన దుఃఖంలో నుండి డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు సంకల్పించిన అడయారు కాన్సరు ఇన్స్టిట్యూటు 1954లో పన్నెండు పడకలతో మొదలైనది. వారి కుమారులు డాక్టరు కృష్ణమూర్తిగారు, 1955లో వచ్చి చేరిన డాక్టరు శాంతగారు దానిని పెంచారు. దేశంలో కాన్సరు వైద్యానికి డి.ఎం., ఎం.సి.హెచ్. చదువులు మొట్టమొదట 1984లో అక్కడనే ప్రారంభమైనవి. మన పిల్లలు ఈనాడు భయపడే పరీక్ష పుట్టినిల్లు, ఇక్కడికి సిటీ బస్సులో వెళ్ళేంత దూరంలో ఉన్నది.

ఇంకొక సంబంధం అంతకన్న దగ్గరిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఆ మూడవ ప్రయత్నం ఈ చెన్నపట్నంలోనే. తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి కోపం వచ్చినదనీ, అందువల్ల పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చినదనీ వారి జీవితచరిత్ర చెప్పుతున్నది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేయించారు. ఆ ఆమ్లానికి ఎదురు నిలిచే మందులను అక్కడ తయారుచేశారు. వాటిలో అమినోప్టెరిన్ అనే దానిని బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చిచూచి, జబ్బు తాత్కాలికంగా వెనుకకు తగ్గినదని 1948లో ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. దానిని గురించి ప్రశ్నలేని కాన్సరు పరీక్ష అరుదు. పరీక్షలలో దెబ్బతిన్న మనవాని పరిశోధన ఫలితం, నేడు పరీక్షాపత్రంలో ప్రశ్న అయినది.

ఇక విద్యార్థుల ప్రశ్నకు వస్తాము. ఎక్కడనుండి మొదలుపెట్టవలె?

మందు పేరు చదివే ముందు జబ్బు ఎంతవరకు పాకినదో చదవండి. కణితి ఎంత పెద్దది, గ్రంథులకు చేరినదా, దూరపు అవయవాలకు పోయినదా అనే మూడింటిని కలిపి స్టేజీ కడతారు. చికిత్స దాదాపుగా దీనిని బట్టే నడుస్తుంది. దానితోపాటు కణాల గుణం చూడవలె. రొమ్ము కాన్సరు అని ఒకే పేరు పెట్టినా, ఈస్ట్రోజెన్ రిసెప్టరు ఉన్నదానికి హార్మోను మాత్రలు పనిచేస్తవి. హెర్-2 అనేది అధికంగా ఉన్నదానికి ట్రాస్టుజుమాబ్ పనిచేస్తుంది. ఈ రెండూ లేనిదానికి దారి వేరు. పేరు ఒకటే గనుక మందు ఒకటే అనుకొన్నవాడు పరీక్షలోనూ తప్పుతాడు, వార్డులోనూ తప్పుతాడు.

రెండవది మోతాదు లెక్క. చాలా మందులను ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తారు. కార్బోప్లాటిన్ విషయం వేరు. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది గనుక, 1989లో కాల్వర్టుగారు చెప్పిన సూత్రం వాడతారు. మూత్రపిండాలు నిమిషానికి వడగట్టే మిల్లీలీటర్లకు 25 కలిపి, మనము కోరిన లక్ష్యపు అంకెతో హెచ్చించవలె. లక్ష్యం 5 అనుకొందాము. ఒకరి మూత్రపిండాలు 95 వడగడితే, 95కు 25 కలిపి 120. దానిని అయిదుతో హెచ్చిస్తే 600 మిల్లీగ్రాములు. ఇంకొకరు అంతే పొడవు, అంతే బరువు; కాని మూత్రపిండాలు 35 మాత్రమే వడగడతవి. అప్పుడు 60ని అయిదుతో హెచ్చిస్తే 300. ప్రక్కప్రక్క మంచాల మీద ఒకే తీరుగా కనిపించే ఇద్దరిలో ఒకరికి రెండవవారి మోతాదులో సగమే తగినది. ఈ లెక్కను కాగితం మీద యాభైసార్లు చేసినవాడు ఆస్పత్రిలో తొట్రుపడడు.

మూడవది, మందు చేసే హాని. ప్రతి మందుకూ దానికే ప్రత్యేకమైన ఒక అపాయం ఉంటుంది. దానిని ఆ మందు పేరుతోనే కలిపి నేర్చుకోవలె. డాక్సోరూబిసిన్ గుండెను బలహీనపరుస్తుంది. జీవితకాలంలో మొత్తం కలిపి చదరపు మీటరుకు సుమారు 450 నుండి 550 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. అందువల్ల పది ఏళ్ళనాటి చికిత్స చీటీ కూడా నేటి నిర్ణయానికి అవసరమే. ఇంట్లో జబ్బుపడినవారున్న కుటుంబాలు పాత చీటీలను పారవేయకుండా ఒక సంచిలో భద్రపరచవలెనని ఈ సందర్భంలో కోరుతున్నాము. విన్క్రిస్టిన్ నరంలోకి ఎక్కించవలసిన మందు. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణమే పోతుంది. మెథోట్రెక్సేట్‌ను పెద్దమోతాదులో ఇచ్చినప్పుడు, కాపాడటానికి ఫోలినిక్ ఆమ్లాన్ని వేళ తప్పకుండా ఇవ్వవలె. కడుపులోనో రొమ్ముగూటిలోనో నీరు చేరి ఉంటే ఆ మందు అక్కడ నిలువచేరి, మెల్లగా బయటికి వస్తూ హాని చేస్తుంది. కీళ్ళవాతానికి ఇదే మందును చిన్నమోతాదులో వారానికి ఒక్కసారి ఇస్తారు. దానిని రోజూ మింగి చనిపోయినవారున్నారు. ఇది డాక్టర్లకే కాదు, ఇంటింటికీ తెలియవలసిన సంగతి.

నాలుగవది, ఆలస్యం పనికిరాని ఘట్టాలు. కీమోథెరపీ తరువాత తెల్లకణాలు పడిపోయిన సమయంలో జ్వరం వస్తే, రక్తపరీక్ష ఫలితం కోసం కాచుకొని కూర్చోరాదు. గంటలోపల యాంటీబయాటిక్ పడవలె. వెన్నెముక లోపలి నరాలమీద కణితి ఒత్తిడి పడి కాళ్ళు బలహీనపడుతుంటే ఆనాడే స్కాను, ఆనాడే చికిత్స. గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు కిరణచికిత్స, లోపలినుండి ఇచ్చే రేడియేషనుతో సహా, ఎనిమిది వారాలలో పూర్తికావలె. దానితోపాటు వారానికొకసారి సిస్ప్లాటిన్ ఇస్తారు. మధ్యలో పండుగకని ఊరికి వెళ్ళి రెండు వారాల తరువాత తిరిగివచ్చిన రోగికి ఆ రోజులను తిరిగి తెచ్చి ఇవ్వలేము. ఈ మాటను మొదటిరోజుననే రోగికి నచ్చజెప్పటం డాక్టరు పని. ముఖాముఖి పరీక్షలో ఆచార్యులు దీనినే అడుగవచ్చు.

అయిదవది, పరిశోధన ఫలితాలను చదివే నేర్పు. నూరుమందిలో పదిమందికి తిరిగి వచ్చే జబ్బు, కొత్త మందు వల్ల ఎనిమిదిమందికే వచ్చినదనుకోండి. అయిదింట ఒక వంతు తగ్గినదని చెప్పవచ్చు. నూరుమందికి మందు ఇస్తే ఇద్దరికి మేలు జరిగినదనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. మొదటి మాట మాత్రమే విని ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబానికి రెండవ మాట కూడా చెప్పవలసిన బాధ్యత డాక్టరుది. ఖరీదైన కొత్త మందులు ఏటేట వస్తున్న ఈ రోజులలో ఈ నేర్పు మరీ అవసరం.

ఆరవది, నొప్పి నివారణ. పరీక్షకు చదివేవారు దీనిని చివర చూడవచ్చులే అని వదలివేస్తుంటారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే నొప్పికి మెట్లవారీ పద్ధతి చెప్పినది. మార్ఫిన్ ఎంత ఇవ్వవలె, మలబద్ధకం రాకుండా దానితోపాటు ఏమి ఇవ్వవలె అనేవి తెలియనివాడు, మిగిలినదంతా తెలిసినా సగం వైద్యుడే. జబ్బు నయం కాని దశలో చికిత్స ఆపటం కూడా ఒక నిర్ణయమే. ఆపిన తరువాత రోగిని విడిచిపెట్టరాదు.

చదివే పద్ధతిని గురించి కొంచెం. ప్రవేశపరీక్షలో నూట యాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. నాలుగు జవాబులలో ఏదీ తెలియక గుడ్డిగా గుర్తు పెడితే, సగటున దక్కేది పావు మార్కు. రెండింటిని తోసివేయగలిగితే సగటున ఒకటిన్నర మార్కు వస్తుంది. కాబట్టి సగం తెలిసిన ప్రశ్నను వదలివేయకండి. కాని ఈ తెలివి పరీక్షా మందిరం వరకే. రోగి మంచం దగ్గర గుడ్డిగుర్తులు చెల్లవు. అక్కడ తెలియనప్పుడు, తెలిసినవారిని అడగటమే ఒప్పు జవాబు.

రోజూ తప్పిన ప్రశ్నలను ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. ఎందుకు తప్పినదో ఒక్క వాక్యంలో ప్రక్కన వ్రాయండి. వారానికొకసారి ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు రోగి వివరాలు చెప్పగా మరొకరు నిర్ణయం చెప్పండి. నోరు తెరచి చెప్పిన విషయమే ముఖాముఖి పరీక్షలో నాలుకమీదికి వస్తుంది. రాత్రి నిద్ర మానుకొని చదివే చదువు నిలువదని వేరే చెప్పనక్కరలేదు గదా.

ఇప్పుడు భాష సంగతి. నెల్లూరు, చిత్తూరు, కడప ప్రాంతాలనుండి వైద్యానికి చెన్నపట్నమూ, వేలూరూ వచ్చే తెలుగువారు ఎందరో మీకు తెలుసు. వారి బంధువులలో ఎందరో మన ఇళ్ళలోనే దిగుతారు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. కాని వైద్యం మాత్రం ఇంగ్లీషులో నేర్చారు. ఈ రెండింటినీ కలిపేవారు లేకపోతే ఏమవుతుందో చూడండి.

కీమోథెరపీ చేయించుకొని పదిరోజులైన ఒక పెద్దావిడ, "జ్వరమేమీ లేదు నాయనా, కాస్త ఒళ్ళు వెచ్చబడినది, అంతే" అంటుంది. ఆవిడ దృష్టిలో జ్వరమంటే వణుకు పుట్టి మంచమెక్కటం. డాక్టరు "జ్వరం లేదు" అని వ్రాసుకొంటే, పైన మేము చెప్పిన ఆ గంట దాటిపోతుంది. ఒళ్ళు వెచ్చబడటమన్న మాట విన్నవెంటనే థర్మామీటరు తీయవలె.

"నోరు పూసినది, కారం తగిలితే ఓర్చలేకున్నాను" అంటారు. అది మెథోట్రెక్సేట్ మోతు ఎక్కువైనదనటానికి గుర్తు కావచ్చు. "వేడి చేసినది" అంటారు. ఆ మాటకు నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, విరేచనాలు కావచ్చు, ఒళ్ళంతా నిస్సత్తువ కావచ్చు. మజ్జిగ త్రాగమని పంపివేయకుండా, ఎక్కడ వేడి, ఎప్పటినుండి అని అడుగవలె. "చెప్పు జారిపోయినా తెలియటం లేదు, అరికాళ్ళు తిమ్మిరి" అంటే, విన్క్రిస్టిన్ గాని, పాక్లిటాక్సెల్ గాని నరాలను తాకినదేమో చూడవలె. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. మన అమ్మమ్మల దగ్గర ఉన్నవి.

జబ్బు పేరు చెప్పటంలోనూ ఇబ్బంది ఉన్నది. "మా నాన్నకు చెప్పవద్దు, తట్టుకోలేడు" అని కొడుకు వరండాలో బ్రతిమాలుతాడు. లోపల తండ్రి, "మావాడికి చెప్పవద్దు బాబూ, నాకు తెలుసును" అంటాడు. ఇద్దరి మధ్యా నిలబడి, అబద్ధమాడకుండా, గుండె పగులకుండా మాట్లాడటం ఇంగ్లీషులో నేర్చుకొన్నంత మాత్రాన తెలుగులో వచ్చేది కాదు. దానిని ముందుగా అభ్యాసం చేయవలె.

అందుకు మన సంఘం చేయగల పని ఒకటి ఉన్నదని మనవి చేస్తున్నాము. ఆదివారం సాయంత్రాలు ఈ హాలులో ఒక గది ఖాళీగా ఉంటుంది. వైద్య విద్యార్థులు అక్కడ చేరవచ్చు. మన పెద్దవారిలో ఒకరిద్దరు రోగులుగా కూర్చుని, తమ ఊరి తెలుగులో బాధ చెప్పుకోవచ్చు. పిల్లలు ప్రశ్నలడిగి, అర్థం చేసుకొని, తిరిగి తెలుగులో వివరించవలె. అర్థం కాకపోతే అర్థం కాలేదని పెద్దవారు నిర్మొహమాటంగా చెప్పవలె. ఖర్చు కాఫీలకు తప్ప మరి దేనికీ ఉండదు. ఈ పరీక్షలు దాటిన పెద్ద డాక్టర్లు నెలకొకసారి వచ్చి కూర్చుంటే, పిల్లలకు మార్గం చూపినవారవుతారు.

చివరగా తల్లిదండ్రులకు. పరీక్షకు చదివే బిడ్డను పెళ్ళిళ్ళలో, పేరంటాలలో నిలబెట్టి ర్యాంకు అడుగకండి. ప్రక్కింటి పిల్లవాని జీతంతో పోల్చకండి. ఆడపిల్ల అయితే ఈ పదకొండున్నర ఏళ్ళలో పెళ్ళి మాట ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. పెళ్ళి చేస్తే చేయండి; కాని చదువు ఆపుతామనే ఇంటికి మాత్రం ఇవ్వకండి. ఈ చదువు చదివే పిల్లలు పగలంతా చావుబ్రతుకుల మధ్య ఉన్నవారిని చూచి ఇంటికి వస్తారు. ఒక్కొక్కనాడు అన్నం ముందు కూర్చుని మాట్లాడరు. అది పొగరు కాదు. ఆనాడు వార్డులో ఎవరో పోయి ఉంటారు. ప్రశ్నించక ప్రక్కన కూర్చోండి. నిద్రపట్టక, తిండి సహించక, వారాల తరబడి దిగులుగా ఉంటే మాత్రం ఆలస్యం చేయక వారినీ వైద్యునికి చూపించండి.

ఒకసారి తప్పినంత మాత్రాన బిడ్డ పనికిరాడని తీర్పు చెప్పకండి. మూడవసారికి మెట్రిక్యులేషను దాటిన భీమవరం కుర్రవాని కృషివల్ల వచ్చిన మందు, ఈనాడు కూడా పిల్లల వార్డులో సీసాలనుండి చుక్కచుక్కగా దిగుతున్నది.

పరీక్షలకు కూర్చునే పిల్లలందరికీ ఈ కొత్త సంవత్సరం కలిసిరావలెనని కోరుతున్నాము.